స్పోర్ట్స్ లగ్జరీ ఫోర్‌డోర్ కారు ఎవరికి అమ్మాలి? ముందు వెనక తలుపు సంగతి తేల్చండి

2009 ఏప్రిల్‌లో పోర్షె తన తొలి స్పోర్ట్స్ సెడాన్ పనమేరాను లోకానికి చూపించింది. సొంతూరు స్టుట్‌గార్ట్‌లో కాదు, మోటార్ షోకు పేరుపడ్డ జెనీవాలో కాదు, షాంఘైలో. అది కూడా వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ 94వ అంతస్తులో. కారును లిఫ్టులో అంత ఎత్తుకు ఎక్కించారు. తన కస్టమర్ ఎక్కడున్నాడని కంపెనీ అనుకుంటోందో చెప్పడానికి వేరే ప్రకటన అక్కర్లేకపోయింది. ఆ లెక్క చాలాకాలం పండింది కూడా. అన్ని మోడళ్లూ కలిపి 2021లో చైనాలో పోర్షె అప్పగించిన కార్లు 95 వేలు దాటాయి. 2024 వచ్చేసరికి ఆ అంకె 57 వేల లోపుకు జారింది. ఈ మధ్యలో కారేమీ చెడిపోలేదు, కొనేవాడే మారిపోయాడు.

ఇలాంటి కారు అమ్మబోయే కంపెనీలు ముందు దేశాన్ని ఎంచుకుని, ఆ తర్వాత అక్కడ మనిషిని వెతుకుతాయి. నన్నడిగితే అది తలకిందుల పని. ఈ రకం కారులో పుట్టుకతోనే ఒక పేచీ ఉంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనే కోరికలోంచి పుట్టిన బండి ఇది. ముందు సీట్లో కూర్చున్నవాడికి స్పోర్ట్స్ కారు కావాలి, వెనక కూర్చున్నవాడికి సోఫా కావాలి. కప్పు కిందికి వాలితే చూపులకు బాగుంటుంది, వెనకవాడి తలకు తగులుతుంది. సస్పెన్షన్ బిగిస్తే మలుపుల్లో హాయి, గతుకుల్లో నరకం. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి పక్షం వహించక తప్పదు. ఎవరి పక్షం అన్నది తేలాలంటే ఒక్క ప్రశ్న చాలు: షోరూం నుంచి బయటికొచ్చాక ఈ కారు వెనక తలుపు ఎవరు తెరుస్తారు?

మూడే జవాబులు. పిల్లలు తెరుస్తారు. డ్రైవర్ వచ్చి యజమాని కోసం తెరుస్తాడు. లేదా ఎవరూ తెరవరు.

పిల్లలు తెరిచే తలుపు

మొదటి రకం మనిషికి నడపడమే సరదా. ఒకప్పుడు రెండు తలుపుల కారు ఉండేది. పిల్లలు పుట్టాక ముందు సీటు మడిచి, నడుం వంచి, పసివాణ్ని వెనక చైల్డ్ సీట్లో కూర్చోబెట్టే తంటా కొన్నాళ్లు పడి, కారు అమ్మేశాడు. ఇప్పుడతనికి కావలసింది నాలుగు తలుపులున్న స్పోర్ట్స్ కారు. స్పోర్ట్స్ కారు వేషం కట్టిన సెడాన్‌ను ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు. బీఎండబ్ల్యూ ఎం5, మెర్సిడెస్ ఏఎంజీ సెడాన్లు, కాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ ఇతన్ని నమ్ముకునే బతుకుతున్నాయి. 2021లో వచ్చిన బ్లాక్‌వింగ్‌నే చూడండి. 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 668 హార్స్‌పవర్, దానికి ఆరు గేర్ల మాన్యువల్. ఆటోమేటిక్ కావాలంటే అదనంగా డబ్బు కట్టి తీసుకోవాలి. లోకమంతా క్లచ్ పెడల్‌ను మరిచిపోతున్న కాలంలో కూడా దాన్నే అడిగేవాడు ఒకడున్నాడని ఆ కంపెనీకి తెలుసు.

ఈ మనిషి ఎంత మొండివాడో చెప్పడానికి ఎం5 కథ ఒకటి చాలు. 2005లో వచ్చిన ఎం5లో 5 లీటర్ల వీ10 ఇంజిన్, 507 హార్స్‌పవర్. గేర్‌బాక్స్ మాత్రం ఏడు గేర్ల ఎస్‌ఎంజీ. అంటే లోపల క్లచ్ ఉంటుంది, కాలికింద పెడల్ ఉండదు, గేర్లు యంత్రమే మారుస్తుంది. సాంకేతికంగా అదే ముందడుగు అని కంపెనీ నమ్మింది. అమెరికా కొనుగోలుదారులు ఒప్పుకోలేదు, మాకు మాన్యువలే కావాలన్నారు. చివరికి బీఎండబ్ల్యూ ఉత్తర అమెరికా కోసమే ప్రత్యేకంగా ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చింది. చాలాచోట్ల వేగపరిమితి లేని ఆటోబాన్ రహదారులున్న జర్మనీకి దొరకని మాన్యువల్ ఎం5, వేగపరిమితులున్న అమెరికాకు దొరికింది! ఆ తర్వాతి తరంలోనూ అంతే.

ఇప్పుడు అవే ఏళ్లలో దీనికి అద్దంలో బొమ్మలాంటి కథ. 2003లో మసెరాటి ఐదో తరం క్వాట్రోపోర్టే వచ్చింది. ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా గీసిన ఒళ్లు, ఫెరారీ వంశపు 4.2 లీటర్ల వీ8. దీని గేర్‌బాక్స్ కూడా ఎస్‌ఎంజీ కోవకే చెందిన డ్యుయోసెలెక్ట్. గేర్‌బాక్స్‌ను కారు వెనక భాగంలో పెట్టారు, బరువు ముందూ వెనకా చక్కగా పంచుకోవాలని. ఖాళీ రోడ్డు మీద దానికి వంక పెట్టలేం. ట్రాఫిక్‌లో నిదానంగా పోవాల్సి వస్తే మాత్రం గేరు మారినప్పుడల్లా కుదుపు. మసెరాటి కొనుగోలుదారు క్లచ్ పెడల్ అడగలేదు, మెత్తని ఆటోమేటిక్ అడిగాడు. 2007లో మసెరాటి, గేర్‌బాక్సులు చేసే జెడ్ఎఫ్ వారి ఆరు గేర్ల ఆటోమేటిక్ తెచ్చింది. దానికోసం గేర్‌బాక్స్‌ను వెనక నుంచి తీసి ఇంజిన్‌కు ఆనించాల్సి వచ్చింది, అంటే కారు నడుమంతా తిరగరాసినట్టే.

రెండూ వేగంగా పోయే ఖరీదైన సెడాన్లే. ఒకరి కస్టమర్ యంత్రాన్ని తీసేసి పని తన చేతికిమ్మన్నాడు. ఇంకొకరి కస్టమర్ ఆ పని తన కంట పడకుండా చేయమన్నాడు. పట్టిక మీద ఈ ఇద్దరి వయసు, సంపాదన, ఉండే పేట ఒకేలా కనిపించవచ్చు. అందుకే వయసు, ఆదాయం చూసి కొనుగోలుదారును గీసే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ.

యజమాని కోసం తెరిచే తలుపు

రెండో రకం మనిషి వారంలో ఐదు రోజులు వెనక కూర్చుంటాడు. మరి స్పోర్ట్స్ కారు ఎందుకు? పేరు కోసం కొంత, ఆదివారం తానే నడపడానికి కొంత. ఇతణ్ని తక్కువగా చూడకండి, పనమేరాకు పొడవు పెంచింది ఇతనే. 2013లో వచ్చిన పనమేరా ఎగ్జిక్యూటివ్‌లో వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, 15 సెంటీమీటర్లు ఎక్కువ, ఆ 15 సెంటీమీటర్లూ వెనకవాడి మోకాళ్లకే. బీఎండబ్ల్యూ అయితే 5 సిరీస్‌ను 2006 నుంచే చైనా కోసం పొడుగ్గా చేసి అమ్ముతోంది.

ఇతనికి అమ్మదలిస్తే హార్స్‌పవర్ అంకెల మీద డబ్బు తగలేయడం దండగ. వెనక తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, తల వంచకుండా ఎక్కగలడా, సీటు ఎంత వాలుతుంది, ఫోన్‌లో మాట్లాడుతుంటే టైర్ల చప్పుడు లోపలికి వస్తుందా అన్నవే అతని పరీక్షలు. ఎయిర్ సస్పెన్షన్ తప్పనిసరి, ఎందుకంటే వారంలో ఐదు రోజులు మెత్తగా, ఒక్కరోజు గట్టిగా ఉండాలి. ఇక్కడ ఖర్చు పెట్టలేని కంపెనీ ఈ కస్టమర్‌ను వదులుకోవడం మంచిది. అతనికి మెర్సిడెస్ పెద్ద లగ్జరీ సెడాన్ ఎస్-క్లాస్ అనే మహావృక్షం ఎలాగూ ఉంది, దాని నీడలో ఇంకో మొక్క మొలవడం కష్టం.

కొనేవాడు, అతడు అని రాసుకుపోతున్నాను గానీ, చైనాలో పోర్షె కొనేవాళ్లలో ఆడవాళ్ల వాటా యూరప్ కంటే చాలా ఎక్కువ. వాళ్లు మొత్తంగా వయసులోనూ చిన్నవాళ్లు. వెనక సీటు యజమాని అనగానే జుట్టు నెరిసిన చైర్మన్‌ను ఊహించుకుని ప్రకటన తీస్తే గురి తప్పినట్టే.

ఎవరూ తెరవని తలుపు

2004లో మెర్సిడెస్ సీఎల్‌ఎస్ వచ్చింది. అడుగున అదే కంపెనీ మామూలు సెడాన్ ఈ-క్లాస్, పైన విల్లులా వంగిన కప్పు, లోపల నాలుగే సీట్లు. కంపెనీ దాన్ని నాలుగు తలుపుల కూపే అంది. అప్పటిదాకా కూపే అంటే రెండు తలుపులే, మాట వినగానే ముక్కు విరిచినవాళ్లు చాలామంది. కానీ కారు అమ్ముడుపోయింది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, మామూలు సెడాన్ కొంటే ఆఫీసువాడిలా కనిపిస్తామని భయపడేవాళ్లు కొన్నారు. వెనక తలుపు వాళ్లకు బ్యాగు పడేయడానికి, ఏడాదికి నాలుగుసార్లు స్నేహితుల్ని భోజనానికి తీసుకెళ్లడానికి. అది చూసి 2008లో ఫోక్స్‌వాగన్ పసాట్ సీసీ, 2010లో ఆడి ఏ7, 2012లో బీఎండబ్ల్యూ 6 సిరీస్ గ్రాన్ కూపే వరుస కట్టాయి.

2018 నాటి మూడో తరం సీఎల్‌ఎస్‌లో వెనక మూడో మనిషికి కూడా చోటిచ్చి, కారును ఐదు సీట్లది చేశారు. అది చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అందం కోసం సౌకర్యం వదులుకుంటాను అనేవాడి కోసం పుట్టిన కారు, సౌకర్యం కూడా ఇస్తాను రమ్మని పిలుస్తోందంటే ఆ కస్టమర్ తరిగిపోయాడన్నమాట. 2023లో సీఎల్‌ఎస్ ఆగిపోయింది. దానికంటే విషాదం ఆస్టన్ మార్టిన్ రపీడ్‌ది. 2006 డెట్రాయిట్ షోలో కాన్సెప్ట్‌గా, అంటే ప్రదర్శనకు చేసిన నమూనాగా, అందరి మనసూ దోచుకుంది. 2010లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో మాగ్నా స్టేయర్ కర్మాగారంలో తయారీ మొదలైంది. ఏడాదికి 2,000 కార్లు లెక్క. గిరాకీ ఆ దరిదాపులకు రాలేదు, 2012లో తయారీని ఇంగ్లండ్‌లోని గేడన్‌కు తెచ్చుకున్నారు. నాలుగు తలుపుల కార్లలో అంతకంటే అందమైనది లేదనే నా అభిప్రాయం. కాకపోతే ఆ వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. దాని కస్టమర్ ఆస్టన్ కావాలనుకునేవాడు. ఆస్టన్ కావాలనుకునేవాడికి రెండు తలుపుల ఆస్టన్ పక్కనే ఉంది.

ఈ మూడో గుంపును పూర్తిగా వదిలేయమని అనను. కానీ వాళ్లను నమ్ముకుని కర్మాగారం కట్టకండి. ఉన్న సెడాన్ అడుగుభాగం మీద ఇంకో పైభాగం కట్టగలిగితే, కొన్ని వేలు అమ్ముడుపోయినా గిట్టుబాటయ్యే లెక్క ఉంటే, అప్పుడు దిగండి.

అసలు పోటీ ఎవరితో

ఈ మూడు గుంపుల్నీ కలిపి దోచుకున్నది ఎస్‌యూవీ. 2008 పారిస్ షోలో లంబోర్గిని ఎస్టోక్ అనే నాలుగు తలుపుల సెడాన్ కాన్సెప్ట్ చూపించి, తయారీకి మాత్రం ఎస్‌యూవీని ఎంచుకుంది. 2018 నుంచి అమ్ముతున్న ఉరుస్ ఆ కంపెనీలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే మోడల్ అయింది. ఫెరారీ పేరు మీద 1980లోనే పినిన్‌ఫరీనా పినిన్ అనే ఫోర్‌డోర్ సెడాన్‌ను చేసి చూపించింది, అది కాన్సెప్ట్‌గానే ఉండిపోయింది. ఫెరారీ నాలుగు తలుపులు పెట్టి అమ్మిన మొదటి కారు 2022లో వచ్చిన పురోసాంగ్వే, ఎత్తుగా నిలబడ్డ బండి.

కాబట్టి ఎస్‌యూవీ నుంచి మనుషుల్ని వెనక్కి లాక్కురావాలనే పథకం ఎవరైనా ముందు పెడితే ఆ ఫైలు అక్కడే మూసేయండి. ఎత్తుగా కూర్చోవడం అలవాటైనవాడు దిగిరాడు. మీ మనిషి ఎస్‌యూవీని చూసి మొహం తిప్పుకునేవాడే. ఆ తిరస్కారం కూడా ఒక రుచి, ఒక గర్వం. 1963 ట్యూరిన్ షోలో మొదటి క్వాట్రోపోర్టేను 4.1 లీటర్ల వీ8తో చూపించినప్పుడూ, 1968లో మెర్సిడెస్ 300 ఎస్‌ఈఎల్ 6.3 వచ్చినప్పుడూ కొన్నవాళ్లది ఈ జాతే. చూడటానికి పెద్దమనిషి కారు, తొక్కితే స్పోర్ట్స్ కారు. ఆ రహస్యం తనకు మాత్రమే తెలియాలి.

అతణ్ని పట్టుకోవడానికి నేనైతే రెండే ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో ఉన్న రెండో కారు ఏది? అది ఎస్‌యూవీ అయితే ఈ సెడాన్ అతని సొంత సరదా, ఇంజిన్ గురించీ స్టీరింగ్ గురించీ మాట్లాడాలి. రెండోది పోర్షె 911 లాంటి స్పోర్ట్స్ కారయితే ఈ సెడాన్ ఇంటి బండి, డిక్కీ గురించీ వెనక సీటు గురించీ మాట్లాడాలి. కారు ఒకటే, ఇద్దరి కళ్లకు మాత్రం రెండు వేర్వేరు కార్లు. ఇక రెండో ప్రశ్న, డబ్బు కట్టేది ఎవరు? సొంతంగానా, లీజు కంపెనీయా, ఉద్యోగమిచ్చిన సంస్థా? ఈ రెండో ప్రశ్న దగ్గరే దేశాలు వేరవుతాయి.

అమెరికా, జర్మనీ

అమెరికాలో ఈ కారు మనిషి సొంత విషయం. నెలసరి లీజు కట్టి, రెండు మూడేళ్లకు మార్చేస్తాడు. డీలర్ దగ్గర నిలబడి ఉన్న కార్లలోంచే చాలామంది ఎంచుకుంటారు, నెలల తరబడి ఆగరు. అంటే అక్కడికి పంపే కార్లలో ఏ రంగు, ఏ సరంజామా ఉండాలో ముందే మీరే ఊహించాలి. తప్పు ఊహిస్తే కార్లు డీలర్ ఆవరణలో ఎండకు ఎండుతాయి. మంచు కురిసే రాష్ట్రాల కోసం ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి తీరాలి. గరిష్ఠ వేగం ఎవరికీ పట్టదు, సిగ్నల్ దగ్గర నుంచి లేచే దూకుడే పడుతుంది.

అక్కడొక విచిత్రమైన చట్టం ఉంది. 1978 నాటి గ్యాస్ గజ్లర్ పన్ను. గ్యాలన్‌కు 22.5 మైళ్లు ఇవ్వని కార్ల మీద పడుతుంది, మైలేజీ ఎంత తగ్గితే అంత ఎక్కువ. ఆ పన్ను ప్యాసింజర్ కార్లకే. అంతకంటే ఎక్కువ తాగే ఎస్‌యూవీకి, పికప్‌కు లేదు. మీ వీ8 సెడాన్ ధర చీటీ మీద ఆ గీత కనిపిస్తుంది, పక్క షోరూంలో ఉన్న మీ సోదర ఎస్‌యూవీ మీద కనిపించదు. అయినా అమెరికాను నేను మొదటి స్థానంలోనే పెడతాను. పిల్లల్ని వెనక కూర్చోబెట్టి తానే నడిపే మనిషి అంత పెద్ద సంఖ్యలో ఒకేచోట మరెక్కడా దొరకడు.

జర్మనీ సంగతి వేరు. అక్కడ కొత్త కార్లలో సగానికి పైగా సంస్థల పేరు మీద రిజిస్టర్ అవుతాయి. కంపెనీ ఇచ్చిన కారును సొంతానికి కూడా వాడుకునే ఉద్యోగికి, కారు జాబితా ధరలో నెలకు 1 శాతం ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. ఇంజిన్‌తో పాటు ప్లగ్ పెట్టి చార్జ్ చేసే బ్యాటరీ కూడా ఉన్న ప్లగిన్ హైబ్రిడ్, తగినంత దూరం కరెంటు మీద నడిచేదైతే అందులో సగం, ధర పరిమితికి లోబడిన ఎలక్ట్రిక్ అయితే పావు వంతు. కాబట్టి అక్కడ మీ కస్టమర్ కారు కంటే ముందు పన్ను పట్టిక చూస్తాడు. 2017లో యూరప్‌లో అమ్ముడుపోయిన పనమేరాల్లో సగానికి పైగా హైబ్రిడ్‌లే కావడానికి పర్యావరణ ప్రేమ ఒక్కటే కారణమని నేననుకోను. బ్రిటన్‌లో కంపెనీ కారు పన్ను కర్బన ఉద్గారాలను బట్టి, ఫ్రాన్స్‌లో కొత్త కారు మీద అదే లెక్కన జరిమానాలాంటి పన్ను. దారి వేరైనా చేరేది ఒక్కచోటికే.

దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, పన్ను కోసం పెట్టిన బ్యాటరీ బరువు అమెరికాలో పన్నుతో పనిలేని ఔత్సాహికుడి నెత్తిన కూడా పడుతుంది. 2024 ఎం5 చూడండి. 4.4 లీటర్ల వీ8కు మోటారు జోడించి 727 హార్స్‌పవర్, బరువు 2,400 కిలోలకు పైనే. మునుపటి తరం కంటే 400 కిలోలకు పైగా ఎక్కువ. యూరప్‌లో ఆ బ్యాటరీ ఉపయోగం పన్ను చీటీలో కనిపిస్తుంది. పాత ఎం5లో మాన్యువల్ కోసం పట్టుబట్టిన మనిషికి అది మలుపులో కనిపిస్తుంది. రెండు మార్కెట్లకు ఒకే కారు చేస్తే ఒకరి మందు ఇంకొకరికి రోగం అవుతుందని తెలిసే దిగండి.

జర్మనీలో ఇంకో సంగతి మరవకూడదు, వాళ్లకు ఎస్టేట్ కార్లంటే మహా ఇష్టం. డిక్కీ స్థానంలో కప్పు వెనకదాకా సాగిన బండి. 2007 నాటి వీ10 ఎం5కు టూరింగ్ అనే ఎస్టేట్ రూపం యూరప్‌లో ఉండేది, అమెరికాకు పంపలేదు. ఆడి ఎస్టేట్ ఆర్ఎస్6 అవాంట్ కూడా 2019లో ప్రకటించిన తరంతోనే మొదటిసారి అమెరికా ముఖం చూసింది. జర్మనీలో తండ్రి పాత్రలో ఉన్న ఔత్సాహికుణ్ని మీ సెడాన్ వైపు తిప్పుకోవాలంటే పోటీ పడాల్సింది ఇంకో సెడాన్‌తో కాదు, ఈ అవాంట్‌తో. అలాగని ఎస్టేట్ చేస్తే గెలిచినట్టేనా అంటే, పనమేరా 2017లో స్పోర్ట్ టూరిస్మో చేసింది, మూడో తరానికి వచ్చేసరికి మానేసింది.

చైనా

2009 నాటి నమ్మకంతో ఈరోజు చైనా వెళ్లకూడదు. 2008 సెప్టెంబరు నుంచి అక్కడ ఇంజిన్ పరిమాణాన్ని బట్టి వినియోగ పన్ను: 4 లీటర్లు దాటితే 40 శాతం, 3 నుంచి 4 వరకు 25, 2.5 నుంచి 3 వరకు 12. ఆ మెట్లు చూస్తే 3 లీటర్ల లోపు వీ6 ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. వెనక సీటు యజమానికి ఆ ఇంజిన్ చాలు కూడా. కొన్నేళ్లపాటు ఆ సూత్రం పనిచేసింది, పొడుగు వీల్‌బేస్, చిన్న ఇంజిన్, పెద్ద పేరు.

ఇప్పుడా పేరుకే ఎసరు వచ్చింది. 2024 మార్చిలో ఫోన్ల కంపెనీ షావోమి ఎస్‌యూ7 అనే ఎలక్ట్రిక్ సెడాన్ అమ్మడం మొదలుపెట్టింది. దాని చూపుల్లో పోర్షె ఎలక్ట్రిక్ సెడాన్ టైకాన్ పోలికలు లేవని ఎవరూ అనలేరు. మరుసటి ఏడాది వచ్చిన ఎస్‌యూ7 అల్ట్రాలో 1,500కు పైగా హార్స్‌పవర్. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు, ఆ వరుసలో నిలబడి అంకెల పోటీ పడటం యూరప్ కంపెనీలకు ఇక అయ్యే పని కాదు. కొత్త కొనుగోలుదారుకు స్క్రీన్ ఎంత చురుగ్గా ఉంది, ఫోన్ కారుతో ఎలా మాట్లాడుతుంది, ట్రాఫిక్‌లో కారు తనంతట తాను ఎంతవరకు పోతుంది అన్నవే లగ్జరీ. నప్పా తోలు కుట్లను వివరించే బ్రోషర్ అతనికి తాతగారి ఉత్తరంలా ఉంటుంది.

టైకాన్ పేరెత్తాను కాబట్టి అదీ చెప్పాలి. 2019లో పోర్షె దాన్ని ఒక్కచోట కాకుండా ఒకేసారి మూడు చోట్ల ఆవిష్కరించింది: నయాగరా జలపాతం దగ్గర, బెర్లిన్ దాపున నాయ్‌హార్డెన్‌బెర్గ్‌లో, చైనాలో ఫుజౌ దగ్గరి పింగ్‌టాన్ దీవిలో. అంటే పదేళ్లలో ఒక్క మార్కెట్ మీది బరువు మూడింటికి పంచారు. కారులో పనితనం గొప్పది. కప్పు కిందికి ఉంచడం కోసం, వెనకవాళ్ల పాదాలు దిగేలా బ్యాటరీలోనే గుంట వదిలారు. వెనక తలుపు గురించి ఆలోచించినవాళ్లు చేసే పని అది. 2021లో ప్రపంచం మొత్తం మీద 41 వేలకు పైగా అమ్ముడుపోయి 911నే దాటింది. 2024లో 21 వేల లోపు. మార్పులు చేసిన మోడల్ మధ్యలో రావడం కొంత కారణం, చైనా కొంత. ఇంకొంత సెకండ్‌హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ కారు విలువ పడిపోవడం. లీజు మీద బతికే మార్కెట్‌లో రీసేల్ పడితే నెలసరి కట్టు పెరుగుతుంది, అది కస్టమర్‌కు నేరుగా తగులుతుంది.

గల్ఫ్, జపాన్

గల్ఫ్ చిన్న మార్కెట్, లోతైన జేబు. ఆస్టన్ మార్టిన్ 2014లో రపీడ్ అడుగుభాగం మీదే లగోండా టరాఫ్ అనే పొడుగు సెడాన్ చేసి, ముందు మధ్యప్రాచ్యానికే అని ప్రకటించింది. 200కు మించి చేయమంది. అదే కంపెనీ, రపీడ్‌లోని వీ12 ఇంజినే, ఈసారి వెనకవాడికి చోటిచ్చి, లెక్క తగ్గించి. అక్కడి కొనుగోలుదారుకు ఇది పదో కారో పన్నెండో కారో అవుతుంది, కాబట్టి అతనికి కావలసింది పక్కింట్లో లేనిది. పరిమిత సంఖ్య, పెద్ద ఇంజిన్, ఎండకు తట్టుకునే ఏసీ ఉంటే చాలు. ప్రధాన మార్కెట్‌గా మాత్రం పెట్టుకోకండి.

జపాన్‌లో అడ్డంకి సెంటీమీటర్లది. నగరాల్లో యంత్రాలతో నడిచే బహుళ అంతస్తుల పార్కింగ్‌లు ఉంటాయి, పాతవాటిలో చాలావరకు వెడల్పు 1,850 మిల్లీమీటర్లు, ఎత్తు 1,550 మించితే లోపలికి రానివ్వవు. బీఎండబ్ల్యూ అక్కడి 3 సిరీస్‌కు సన్నని డోర్ హ్యాండిల్స్ బిగించి వెడల్పు 1,800కు దించింది. ఎత్తు నిబంధన ఎస్‌యూవీని బయట నిలబెడుతుంది, అది సెడాన్‌కు వరం. వెడల్పు నిబంధన మీలాంటి కారును కూడా బయటే నిలబెడుతుంది. పనమేరా వెడల్పు 1,930కి పైనే. మీ కారు నడుం సన్నదైతేనే జపాన్ గురించి ఆలోచించండి.

మీ చేతిలో ఏముంది?

ఇంజిన్, చాసీ గొప్పవై, పేరు చిన్నదైతే తానే నడిపేవాడి దగ్గరికే వెళ్లండి. కానీ ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో అనుభవం గుర్తుంచుకోండి. 2015లో 2.9 లీటర్ల వీ6, 510 హార్స్‌పవర్‌తో వచ్చింది, నడిపినవాళ్లంతా మెచ్చుకున్నారు, అమ్మకాల్లో జర్మన్ల దరికి రాలేదు. మెచ్చుకున్నవాడు కొనేముందు దగ్గరలో సర్వీస్ సెంటర్ ఉందా, మూడేళ్ల తర్వాత ఎంతకు పోతుంది అని చూస్తాడు. కాబట్టి అమెరికా అంతటా ఒకేసారి పరుచుకోకుండా, ఔత్సాహికులు ఎక్కువగా ఉన్న కొన్ని నగరాల్లో మంచి మెకానిక్‌లున్న కొద్దిమంది డీలర్లతో మొదలుపెట్టడం మేలు.

పేరు పెద్దదై, కారు బరువుగా మెత్తగా ఉంటే దాన్ని రేస్ ట్రాక్ మీద తిప్పి వీడియోలు తీయకండి. వెనక సీటు యజమానికి చూపించండి. యూరప్ ముఖ్యమైతే ప్లగిన్ హైబ్రిడ్ లేకుండా అడుగు పెట్టవద్దు, పన్నులో సగం తగ్గింపుకు కావలసిన ఎలక్ట్రిక్ దూరం ఎంతో చూసుకునే బ్యాటరీ పరిమాణం ఖాయం చేయండి. అందమే మీ బలమైతే తక్కువ చేయండి, ఆర్డర్ వచ్చాకే చేయండి.

ఇవన్నీ కాగితం మీద తేలాక, నమూనా కారు వచ్చిన రోజు ఒక పని చేయండి. ఆరడుగుల మనిషిని వెనక కూర్చోబెట్టి మూడు గంటలు తిప్పండి, ముందు సీటును అదే పొడుగువాడికి సరిపోయేలా జరిపి. మరునాడు అదే సీట్లో చైల్డ్ సీటు బిగించమని ఆ పని రోజూ చేసే తల్లికో తండ్రికో ఇచ్చి, దూరంగా నిలబడి చూడండి. మొదటిరోజు మనిషి నవ్వుతూ దిగితే కారు పొడవు పెంచే సంగతి, చైనా, గల్ఫ్ సంగతి మాట్లాడుకోవచ్చు. రెండోరోజు మనిషి కప్పుకు తల తగలకుండా పని ముగించి, వెంటనే ముందుకొచ్చి స్టీరింగ్ పట్టుకుంటే మొదటి ఓడను అమెరికాకు పంపండి. రెండు రోజులూ మొహాలు చిట్లిస్తే, కప్పు గీతను ఒక అంగుళం పైకి లేపమని డిజైన్ విభాగానికి తిప్పి పంపడానికి అదే ఆఖరి అవకాశం. అచ్చులు పోశాక ఆ అంగుళం ఇక దొరకదు.